విశాఖలో యువతకు కౌన్సెలింగ్: అజమాయిషీ ఎవరిది?

విశాఖపట్నంలో కౌన్సెలింగ్ అన్న మాటకు మూడు అర్థాలున్నాయి. ఇంటర్ పాసైన పిల్లలున్న ఇంట్లో అది ఇంజినీరింగ్ సీటు కోసం వెబ్ ఆప్షన్లు పెట్టుకునే తంతు. పరీక్ష పేరు ఈఏపీసెట్‌గా మారినా జనం నోట ఇప్పటికీ అది ఎంసెట్ కౌన్సెలింగే. పోలీసు స్టేషన్లో దాని అర్థం వేరు. ఆదివారం పూట రౌడీషీటర్లను పిలిచి వరసగా నిలబెట్టి హెచ్చరించడం, బైకు రేసుల్లో దొరికిన కుర్రాళ్ళను తల్లిదండ్రుల ఎదుట మందలించడం అక్కడి కౌన్సెలింగ్. పత్రికలు కూడా ‘కౌన్సెలింగ్ ఇచ్చి పంపేశారు’ అనే రాస్తాయి. మూడో అర్థం ఆలస్యంగా వచ్చి చేరింది: మనసు కుదురుగా లేని మనిషి చెప్పుకునేది, ఆ పని నేర్చుకున్న మరో మనిషి తీరిగ్గా వినడం. మొదటి రెండింటిలో అధికారి చెబుతాడు, పిల్లలు వింటారు. మూడోదానిలో పిల్లలు చెప్పాలి, పెద్దలు వినాలి.

ఈ వ్యాసం ఆ మూడో కౌన్సెలింగ్ గురించి. పదేళ్ళ నుంచి పాతికేళ్ళ లోపు వాళ్ళకు నగరంలో అందుతున్న మానసిక సాయం, ఆత్మహత్యలు, మత్తు అలవాటు, ఇల్లు విడిచి పారిపోవడం వంటి ఆపదల నివారణ, వీటి మీద స్థానిక పాలనా వ్యవస్థల పర్యవేక్షణ ఇందులోని విషయాలు. చూసే కళ్ళకు ఇక్కడ కొదవ లేదు. కలెక్టరు, పోలీసు కమిషనరు, జిల్లా వైద్య ఆరోగ్యాధికారి, స్త్రీ శిశు సంక్షేమ శాఖ, బాలల సంక్షేమ సమితి, మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ), అందరి పైనా న్యాయస్థానం. అయితే ఒక పిల్లవాడి విషయంలో ఎవరు జవాబు చెప్పాలన్న ప్రశ్న వచ్చేసరికి ఆ కళ్ళన్నీ ఒకదానినొకటి చూసుకుంటాయి.

విశాఖ కేసు, దేశానికి నియమాలు

2023 జూలైలో విశాఖలోని ఒక కోచింగ్ సంస్థ హాస్టల్లో ఉంటూ నీట్‌కు చదువుతున్న 17 ఏళ్ళ అమ్మాయి అనుమానాస్పద పరిస్థితుల్లో చనిపోయింది. ఆమెది పశ్చిమ బెంగాల్. స్థానిక దర్యాప్తు మీద నమ్మకం కుదరక తండ్రి సీబీఐ విచారణ అడిగారు. 2024 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కాదంది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2025 జూలై 25న జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. తీర్పు అక్కడితో ఆగిపోయి ఉంటే అది ఒక కుటుంబం కేసుగానే మిగిలేది. న్యాయమూర్తులు ఇంకో అడుగు వేసి, పార్లమెంటు గానీ శాసనసభలు గానీ చట్టం చేసేదాకా దేశంలోని విద్యాసంస్థలన్నీ పాటించాల్సిన 15 మార్గదర్శకాలు ఇచ్చారు. 141వ అధికరణం కింద అవి చట్టంతో సమానం. మానసిక ఆరోగ్యం 21వ అధికరణం చెప్పే జీవించే హక్కులో భాగమని ధర్మాసనం స్పష్టం చేసింది.

నూరు మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సెలరో, సైకాలజిస్టో, సామాజిక కార్యకర్తో కనీసం ఒకరు ఉండాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. మార్కుల ప్రకారం పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలీ మానస్ వంటి సహాయ నంబర్లు హాస్టళ్ళలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. తెలుగునాట ‘స్టార్ బ్యాచ్’, ‘సూపర్ సిక్స్టీ’ లాంటి పేర్ల మధ్య పెరిగిన తరానికి వీటిలో బ్యాచ్‌ల నిబంధన ఎంత కొత్తదో చెప్పనక్కర్లేదు. మన కార్పొరేట్ కాలేజీల లెక్కంతా ఆ విభజన మీదే నిలబడింది.

స్థానిక పాలనకు నేరుగా తగిలే ఆదేశం ఇంకొకటి. ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన పర్యవేక్షక కమిటీ ఉండాలి. విద్య, ఆరోగ్య, బాలల రక్షణ శాఖల వాళ్ళు, పౌర సమాజ ప్రతినిధులు అందులో సభ్యులు. తనిఖీలు చేయడం, ఫిర్యాదులు తీసుకోవడం దాని పని. రాష్ట్రాలు రెండు నెలల్లో కోచింగ్ కేంద్రాల నమోదుకు నియమాలు తేవాలని కూడా కోర్టు చెప్పింది.

ఆ తీర్పులో ఒక చిన్న విచిత్రముంది. విద్యార్థులు పెద్ద సంఖ్యలో వలస వచ్చే కోచింగ్ నగరాల్లో ప్రత్యేక జాగ్రత్త అవసరమంటూ జైపూర్, కోటా, సీకర్, చెన్నై, హైదరాబాద్, ఢిల్లీ, ముంబయి పేర్లు రాశారు. ‘వీటికే పరిమితం కాదు’ అన్నారు గనుక మిగతా ఊళ్ళూ ఆ కిందికి వస్తాయి. అయినా కేసు పుట్టిన విశాఖ పేరు మాత్రం ఆ వరసలో లేదు. ద్వారకానగర్‌లో ఒక్కో భవనానికి వేలాడే కోచింగ్ బోర్డులు లెక్కపెట్టినవాళ్ళకు, మధురవాడ నుంచి కొమ్మాది దాకా ఉన్న రెసిడెన్షియల్ కాలేజీలు చూసినవాళ్ళకు ఇది వింతగానే ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలతో పాటు ఒడిశా, బెంగాల్ పిల్లలకు కూడా ఇది చదువుల ఊరు. హౌరా, చెన్నై రైలు మార్గం మీద ఉండటం అందుకో కారణం.

న్యాయమూర్తులు ఉటంకించిన లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకుంటే, వారిలో 13,044 మంది విద్యార్థులు. పరీక్ష తప్పడం కారణంగా నమోదైనవి 2,248. ఇవి జాతీయ నేర గణాంక సంస్థ అంకెలు, అంటే పోలీసు స్టేషన్లో రాసిన కారణాలు. చివరికి ఒక్క గడిలో టిక్కు పడుతుంది. నెలల తరబడి పేరుకున్న ఒంటరితనానికీ, ఇంటి అప్పులకూ, నిద్రలేమికీ విడివిడిగా గడులు లేవు.

సమస్య తెలియక ఇన్నాళ్ళు గడిచిందనుకోవడానికి లేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2001లోనే నీరదారెడ్డి కమిటీ కార్పొరేట్ కాలేజీల హాస్టళ్ళ పరిస్థితిని పరిశీలించింది. 2017లో మళ్ళీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చక్రపాణి కమిటీ వేసింది. 2019లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత ఇంకో కమిటీ వచ్చింది. పిల్లలు చనిపోయాక కమిటీ వేయడం రెండు రాష్ట్రాల్లోనూ ఆనవాయితీ అయిపోయింది. శాశ్వతంగా కూర్చునే కమిటీ, అదీ జిల్లా స్థాయిలో, 2025 తీర్పు తెచ్చిన మార్పు.

కలెక్టరు కుర్చీ చుట్టూ

అయితే ఆ కమిటీకి పెద్దగా కూర్చునే కలెక్టరు ఇప్పటికే ఎన్ని కమిటీలకు పెద్దో చూడాలి. మత్తు పదార్థాల నియంత్రణకు నార్కో సమన్వయ కమిటీ ఉంది. బాలల రక్షణ మీద సమీక్ష ఉంది. 2015 బాల న్యాయ చట్టానికి 2021లో చేసిన సవరణ, 2022 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చి, బాలల సంస్థల మీద కలెక్టరు అధికారాలను ఇంకా పెంచింది. బాలల సంక్షేమ సమితి పనితీరును మూడు నెలలకోసారి సమీక్షించేదీ ఆయనే, దాని మీద వచ్చే ఫిర్యాదులు వినేదీ ఆయనే. వీటి మధ్యలోనే మహారాణిపేట కలెక్టరేట్‌లో సోమవారం అర్జీలు, ఓడరేవు ఊరికి తప్పని ప్రముఖుల రాకపోకలు, తుపాను హెచ్చరికలు. బాధ్యత ఒక్కచోట పెట్టడం మంచిదే కానీ ఆ ఒక్కచోటు ఇప్పటికే కిక్కిరిసి ఉంది. ఇలాంటి కమిటీ బతుకు కలెక్టరు మీద కాక జాయింట్ కలెక్టరో, జిల్లా వైద్యాధికారో ఎంత పట్టించుకుంటారన్న దాని మీద ఆధారపడుతుంది.

చినవాల్తేరు గేటు

విశాఖలో మానసిక వైద్యం కొత్తది కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో పిచ్చాసుపత్రులున్న కొద్ది ఊళ్ళలో ఇది ఒకటి. పందొమ్మిదో శతాబ్దం నాటి ఆ ‘అసైలం’ వారసత్వమే ఇవాళ్టి చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల. 1923లో మొదలైన ఆంధ్ర వైద్య కళాశాలకు అది బోధనాసుపత్రి. ఉత్తరాంధ్ర అంతటికీ పెద్ద దిక్కు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాల పేరు ఎలా తిట్టయిందో, ఇక్కడ వాల్తేరు ఆసుపత్రి కూడా అలాగే నోటికొచ్చిన ఎగతాళి అయింది. పదహారేళ్ళ పిల్లవాడిని ఆ గేటు లోపలికి తీసుకెళ్ళడానికి వెనకాడని తల్లిదండ్రులు అరుదు. నివారణ సేవలు ఆసుపత్రి బయట ఎందుకుండాలన్న ప్రశ్నకు జవాబు ఆ గేటు దగ్గరే దొరుకుతుంది.

బయటికి తెచ్చే ప్రయత్నాలూ జరిగాయి. 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం, కర్ణాటకలోని బళ్ళారిలో చేసిన ప్రయోగం నమూనాగా 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చాయి. 2014 జనవరిలో మొదలైన రాష్ట్రీయ కిశోర స్వాస్థ్య కార్యక్రమం 10 నుంచి 19 ఏళ్ళ పిల్లలకు ప్రత్యేక క్లినిక్‌లు ఉండాలంది. వాళ్ళలోంచే తోటి బోధకుల్ని తయారుచేయాలంది. 2022 అక్టోబరు 10న టెలీ మానస్ ఫోన్ సేవ వచ్చింది. 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు, రాత్రీ పగలూ. అదే ఏడాది నవంబరులో కేంద్రం ప్రకటించిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2030 నాటికి ఆత్మహత్య మరణాలను పది శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది.

వీటన్నిటికన్నా ముందే ఊరివాళ్ళు తమంత తాము చేసుకున్న పనులున్నాయి. డాబాగార్డెన్స్‌లోని ప్రేమసమాజం 1930 నుంచి అనాథ పిల్లలకూ వృద్ధులకూ ఆసరా. వీధి బాలల కోసం డాన్ బాస్కో నవజీవన్ పనిచేస్తోంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం మనస్తత్వ, సామాజిక సేవా శాఖల్లో చదివినవాళ్ళు స్వచ్ఛంద సంస్థల్లోనూ ఆసుపత్రుల్లోనూ కౌన్సెలర్లుగా కనిపిస్తారు. ఆ మనస్తత్వ శాఖకు ఒక వింత చరిత్ర ఉంది. 1967లో, చెరువు కట్ట తెగినట్టు పరామనోవిజ్ఞానం మీద ఆసక్తి పొంగిన రోజుల్లో ఆచార్య కె. రామకృష్ణారావు దాన్ని ‘మనస్తత్వ, పరామనస్తత్వ శాఖ’గా నెలకొల్పారు. ఇతరుల మనసులోది చెప్పకుండానే తెలుసుకోవచ్చా అన్న పరిశోధన జరిగిన చోటే, చెప్పింది ఓపిగ్గా ఎలా వినాలో నేర్పుతున్నారు.

కార్పొరేషన్ చేతిలో ఏముంది

ఓటేసిన జనానికి అందుబాటులో ఉండే పాలకుడు కార్పొరేటరు. జీవీఎంసీలో 98 వార్డులు. గాజువాక మునిసిపాలిటీని, 32 గ్రామాలను కలుపుకొని 2005లో ఇది మహా నగరపాలక సంస్థ అయింది. 2011 జనాభా లెక్కల్లోనే 17 లక్షలు దాటిన ఈ నగరాన్ని నడిపేది 1955 నాటి హైదరాబాద్ మునిసిపల్ చట్టం. 1979లో విశాఖ కార్పొరేషన్ ఏర్పడినప్పుడు దానినే ఇక్కడికి వర్తింపజేశారు. ఆ చట్టానికి రోడ్డు, నీరు, దీపం, చెత్త, అంటువ్యాధి తెలుసు. కౌన్సెలరు తెలియదు. 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన పన్నెండో షెడ్యూలులో 18 అంశాలుంటే ప్రజారోగ్యం ఒకటి, మానసిక వైకల్యం ఉన్నవారితో సహా బలహీనుల ప్రయోజనాల రక్షణ ఇంకొకటి. ఈ రెండు కొక్కేలకు తగిలిస్తే తప్ప యువజన కౌన్సెలింగ్ నగరపాలక సంస్థ పని కాదు.

అయినా ఆ సంస్థకు ఇందులో అనుభవం లేకపోలేదు. 1988లో బ్రిటిష్ సాయంతో మొదలైన విశాఖ మురికివాడల అభివృద్ధి పథకం కాలువలు, రోడ్లతో ఆగకుండా సామాజిక భవనాలు, బాల్వాడీలు, ఆరోగ్య సేవలు, వృత్తి శిక్షణ కూడా తెచ్చింది. కార్పొరేషన్లోని పట్టణ సామాజికాభివృద్ధి విభాగం, జనం పొట్టిగా ‘యూసీడీ’ అనేది, ఆ పని చేసింది. ఆ విభాగానికి బస్తీ తెలుసు. ఏ ఇంట్లో ఎవరు బడి మానేశారో, ఏ కుర్రాడు కొత్తగా ఏ గుంపుతో తిరుగుతున్నాడో చెప్పగలిగిన సిబ్బంది ఒకప్పుడు దానికుండేవారు. తర్వాతి కాలంలో పొదుపు సంఘాలు, బ్యాంకు రుణాల లెక్కలే దాని ప్రధాన వ్యాపకమయ్యాయి. నగరం పోగొట్టుకున్న అవకాశాల్లో ఇదొకటనే చెప్పాలి.

2019 అక్టోబరు 2న రాష్ట్రమంతటా మొదలైన వార్డు సచివాలయాలు ఆ ఖాళీని కొంత పూరించగలిగేవి. దాదాపు నాలుగు వేల జనాభాకు ఒక సచివాలయం. అందులో ఆరోగ్య కార్యదర్శి, విద్యా కార్యదర్శి, సంక్షేమ కార్యదర్శి, మహిళా రక్షణ కార్యదర్శి అందరూ ఒకే కప్పు కింద ఉంటారు. కాగితం మీద ఇంతకన్నా మంచి అల్లిక ఉండదు. 2021లో మహిళా రక్షణ కార్యదర్శులను ‘మహిళా పోలీసులు’గా మార్చి ఖాకీ హోదా ఇవ్వడంతో వివాదం హైకోర్టుకెక్కింది. పోలీసు అన్న పేరు తగలగానే ఆ కార్యదర్శికి బస్తీ పిల్లలు చెప్పుకునేవి కూడా మారిపోతాయి. ‘కౌన్సెలింగ్’ రెండో అర్థం మూడోదాన్ని మింగేయడమంటే ఇదే.

కేంద్రం 2022లో తెచ్చిన మిషన్ వాత్సల్య మార్గదర్శకాలు ఇంకో దారి చూపించాయి. మహిళా శిశు సంక్షేమం చూసే కమిటీ పంచాయతీలోనో పట్టణ సంస్థలోనో ఉంటే, బాలల రక్షణ కూడా దానికే అప్పగించవచ్చన్నాయి. కౌన్సిల్ సమావేశాల్లో చెత్త, డ్రైనేజీ, వీధి దీపాల మీద గంటల తరబడి మాట్లాడే కార్పొరేటర్లకు ఈ వాక్యం ఒక కొత్త ప్రశ్న అడిగే హక్కు ఇస్తుంది. ఆ హక్కు వాడుకోవడానికి వాళ్ళకు లెక్కలు కావాలి. తన వార్డులో ఎందరు పిల్లలు బడి మానేశారు, ఎందరు సాయం అడిగారు అన్న సమాచారం విద్యాశాఖ, వైద్యశాఖ, పోలీసు శాఖల ఫైళ్ళలో విడివిడిగా ఉంటుంది. ఆ శాఖలు జవాబు చెప్పేది కలెక్టరుకు, కౌన్సిల్‌కు కాదు.

బ్రిటన్‌లో ఈ తీరు వేరు. అక్కడ ఎన్నికైన స్థానిక కౌన్సిళ్ళకు ఆరోగ్య సేవల మీద సమీక్షా కమిటీలుంటాయి. జాతీయ ఆరోగ్య సేవ అధికారులను పిలిచి బహిరంగంగా ప్రశ్నలడగడం ఆ కమిటీల హక్కు. ఆసుపత్రి కౌన్సిల్‌ది కాకపోయినా సంజాయిషీ మాత్రం కౌన్సిల్‌కు ఇవ్వాలి.

రైలు దిగిన పిల్లలు

అజమాయిషీ కాస్త గట్టిగా పనిచేసేది బాల న్యాయ చట్టం ఉన్నచోట. విశాఖ రైల్వే స్టేషన్లో ఒంటరిగా దిగిన పిల్లవాడు రైల్వే పోలీసుల కంట పడితే, 24 గంటల్లోపు బాలల సంక్షేమ సమితి ముందుండాలి. ఆ సమితిలో ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. కనీసం ఒక స్త్రీ ఉండాలి. నెలకు కనీసం 20 రోజులు కూర్చోవాలి. బాలలు నివసించే ప్రతి సంస్థనూ మూడు నెలలకోసారి తనిఖీ బృందం చూడాలి. అందులో ముగ్గురికి తగ్గకూడదు, ఒక మహిళ, ఒక వైద్యాధికారి తప్పనిసరి. వారం లోపు నివేదిక ఇవ్వాలి. ఇంత కచ్చితమైన అంకెలు యువజన కౌన్సెలింగ్‌కు సంబంధించిన మరే చట్టంలోనూ కనిపించవు.

బాలల సహాయ నంబరు 1098 కథ వేరు. 1996లో ముంబయిలో మొదలైన ఆ ఫోన్ సేవను చాలా కాలం ఊరూరా స్వచ్ఛంద సంస్థలు నడిపాయి. 2023లో మిషన్ వాత్సల్య కింద ప్రభుత్వాలు దాన్ని తమ చేతుల్లోకి తీసుకుని అత్యవసర నంబరు 112తో కలిపాయి. దీన్ని మెచ్చుకునేవాళ్ళు జవాబుదారీ పెరిగిందంటారు. తప్పుపట్టేవాళ్ళు, ఏళ్ళ తరబడి స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద పిల్లల్ని గుర్తుపట్టడం నేర్చుకున్న కార్యకర్తలు దూరమయ్యారంటారు. రెండు మాటల్లోనూ నిజముంది.

మన్యం నుంచి వచ్చే మూట

విశాఖలో యువత గురించి ఏ సమావేశం జరిగినా గంజాయి దగ్గరికే వస్తుంది. చింతపల్లి, గూడెంకొత్తవీధి మన్యం, ఆంధ్ర–ఒడిశా సరిహద్దు నుంచి సరుకు దేశమంతా వెళ్ళడానికి ఈ నగరం ద్వారం. 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో వేల ఎకరాల తోటలు నరికేశారు. 2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం ‘ఈగల్’ అనే ప్రత్యేక దళాన్ని ఏర్పరచి 1972 నంబరు ఇచ్చింది. ఇదంతా పట్టుకునే పని. పట్టుబడ్డ కుర్రాడిని మళ్ళీ మనిషిని చేసే పని చినవాల్తేరు ఆసుపత్రిదీ, వ్యసన విముక్తి కేంద్రాలదీ. వాటిలో పడకలున్నవి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద నమోదు కావాలి. మత్తు వల్ల వచ్చే జబ్బును ఆ చట్టం మానసిక జబ్బుగానే చూస్తుంది.

తల్లిదండ్రులకు చాలామందికి తెలియని నిబంధన ఒకటుంది. తానుగా చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి, వాడకానికో కొద్దిపాటి పరిమాణానికో సంబంధించిన కేసుల్లో, మాదకద్రవ్యాల చట్టం 64-ఎ సెక్షన్ విచారణ నుంచి రక్షణ ఇస్తుంది. కేసవుతుందన్న భయంతో కొడుకును దాచుకునే ఇంటికి ఇది చెప్పాల్సిన మొదటి కబురు. అవగాహన ర్యాలీల బ్యానర్ల మీద శిక్షల జాబితా కనిపించినంతగా ఈ మాట కనిపించదు. జాతీయ మత్తు విముక్తి సాయం నంబరు 14446.

ఉక్కునగరం అంచున

గాజువాక, పెదగంట్యాడ వైపు వెళితే యువత కుంగుబాటుకు ఇంకో మూలం కనిపిస్తుంది. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చాక వచ్చిన ఉక్కు కర్మాగారం కోసం ఊళ్ళు ఖాళీ చేసిన నిర్వాసితులకు ‘ఆర్ కార్డు’లు ఇచ్చారు. ఇంటికో ఉద్యోగమన్న ఆశ ఆ కార్డుతో పాటు తరం మారింది. తాత చేతిలోని కార్డు ఇప్పుడు మనవడి బీరువాలో ఉంది. 2021 జనవరిలో కేంద్రం ప్రైవేటీకరణ నిర్ణయం తీసుకున్నాక ఆ ప్రాంతం ఏళ్ళ తరబడి దీక్షా శిబిరాల మధ్య బతికింది. ఐటీఐ చదివి అప్రెంటిస్ పూర్తిచేసి, కాంట్రాక్టు పని దొరికితే చాలనుకునే పాతికేళ్ళవాళ్ళు విద్యార్థులు కారు, బాలలూ కారు. సుప్రీంకోర్టు మార్గదర్శకాలు చదువు మానేసిన రోజుతో వాళ్ళకు దూరమైపోతాయి. బాల న్యాయ చట్టం పద్దెనిమిదేళ్ళకే ఆగిపోతుంది. ఆస్ట్రేలియాలో 2006లో మొదలైన ‘హెడ్‌స్పేస్’ కేంద్రాలు 12 నుంచి 25 ఏళ్ళ దాకా ఒకే గుమ్మం పెట్టింది ఇలాంటి తెగిన దారులు చూసే.

కౌన్సెలరు అంటే ఎవరు

పర్యవేక్షించాలంటే ముందు ఎవరిని పర్యవేక్షిస్తున్నామో తెలియాలి. క్లినికల్ సైకాలజిస్టులు భారత పునరావాస మండలి జాబితాలో ఉంటారు. మామూలు కౌన్సెలర్లకు అలాంటి జాబితా చాలా కాలం లేదు. 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వాళ్ళను కూడా లెక్కలోకి తెచ్చింది. ఆ నమోదు పూర్తిగా నిలదొక్కుకునేదాకా ‘కౌన్సెలరు’ అన్న బోర్డుకు విలువ కట్టడం కష్టం. పడకలు లేని కౌన్సెలింగ్ గది 2017 చట్టంలోని ‘మానసిక ఆరోగ్య సంస్థ’ నిర్వచనంలోకే రాదు. నూరు మందికి తగ్గని సంస్థలో కౌన్సెలరు ఉండాలన్నారు గనుక, అడ్మిషన్ల విభాగంలో పనిచేసే ఉద్యోగికే ఆ పేరు తగిలించడానికి సంస్థలకు ఆశ పుడుతుంది. తనిఖీకి వచ్చినవాళ్ళు డిగ్రీ కాగితం, జీతం పద్దు అడగడం అందుకే అవసరం.

గోప్యత ఇంకో చిక్కు. పదిహేడేళ్ళ అమ్మాయి తన ప్రేమ గురించి, అందులోని శారీరక సంబంధం గురించి కౌన్సెలరుకు చెప్పిందనుకోండి. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం, నేరం జరిగిందని తెలిసిన మనిషి ఫిర్యాదు చేయాలి, చేయకపోతే శిక్షార్హం. చెబితే అమ్మాయి మళ్ళీ ఆ గదికి రాదు. చెప్పకపోతే కౌన్సెలరు చిక్కుల్లో పడతాడు. అనుభవం ఉన్నవాళ్ళు మొదటి నిమిషంలోనే ఏది రహస్యంగా ఉంచగలరో, ఏది ఉంచలేరో చెప్పేస్తారు. ఈ విషయంలో పై అధికారి నుంచి స్పష్టమైన రాతపూర్వక సూచన ఉండటం వాళ్ళకు అన్నిటికన్నా పెద్ద రక్షణ.

2017 చట్టం 115వ సెక్షన్ ఈ రంగంలో ఒక పాత భయాన్ని తీసేసింది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే చట్టం భావిస్తుంది. శిక్షించకూడదు, సంరక్షణ అందించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. అయినా ఆసుపత్రికి తెచ్చినప్పుడు ‘పొరపాటున జరిగింది’ అని రాయించుకునే అలవాటు పోలేదు. అలా రాసిన ప్రతి కేసూ తర్వాతి పలకరింపును పోగొట్టుకున్న కేసే.

ఏది కొలుస్తున్నారు

తనిఖీ బృందం వెళ్ళినప్పుడు చూడగలిగేవి గోడ మీద నంబరు, గదిలో అమరికలు, రిజిస్టరు, సీసీ కెమెరా. అవన్నీ కావాల్సినవే. కాని ఒక పిల్లవాడు ఆ నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేశాడా, హాస్టల్లో ఫోన్ వాడనిస్తారా, ఆదివారం తల్లితో పది నిమిషాలకు మించి మాట్లాడగలిగాడా అన్నవి రిజిస్టరులో ఉండవు. పేర్లు లేకుండా రికార్డులు ఉంచి ఏటా నివేదిక ఇవ్వాలని కోర్టు చెప్పినది ఈ దిశగా మొదటి మెట్టు.

కోటాలో పోలీసులు 2023లో విద్యార్థుల కోసం ప్రత్యేక విభాగం పెట్టారు. అదే ఆగస్టులో జిల్లా యంత్రాంగం కోచింగ్ కేంద్రాల పరీక్షలను రెండు నెలలు ఆపించింది. అది ఒక కలెక్టరు సంతకంతో జరిగిన పని. చెన్నైలో 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన ‘స్నేహ’ ఇంకో సంగతి గట్టిగా చెబుతూ వచ్చింది. పరీక్ష తప్పినవాళ్ళకు ఏడాది ఆగకుండా వెంటనే మళ్ళీ రాసే వీలిస్తే ప్రాణాలు నిలుస్తాయన్నది. కౌన్సెలరు, హెల్ప్‌లైను కన్నా ముందు పరీక్షల క్యాలెండరే ఒక నివారణ సాధనమన్నమాట. ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్ తప్పినవాళ్ళకు అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉండటం ఈ లెక్కలో చిన్న విషయం కాదు.

అయినా 2023 ఏప్రిల్ చివర్లో ఇంటర్ ఫలితాలు వచ్చిన రెండు రోజుల్లో రాష్ట్రంలో తొమ్మిది మంది పిల్లలు ప్రాణాలు తీసుకున్నట్టు వార్తలొచ్చాయి. ఫలితాలు వచ్చేసరికి కాలేజీలకు సెలవులు, హాస్టళ్ళు ఖాళీ. కాలేజీలో కౌన్సెలరు ఉన్నా ఆ రోజు ఆ పిల్లలు ఉండేది ఇళ్ళలో, కంచరపాలెం సందులోనో, జాలరిపేటలోనో, అనకాపల్లిలోనో. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అనకాపల్లి పట్టణం జీవీఎంసీ పరిధిలోనే ఉండిపోయింది, కాని కలెక్టరు మారారు. అక్కడి పిల్లవాడి వీధికి దీపం వేసేది విశాఖ కార్పొరేషను. వాడి కాలేజీ మధురవాడలో ఉంటే దాన్ని తనిఖీ చేసే కమిటీ విశాఖ కలెక్టరుది. వాడి ఇంటికి ఆశా కార్యకర్తను పంపాల్సింది అనకాపల్లి జిల్లా వైద్యాధికారి.